గడియారం వైపు

గ్రిమ్స్‌బీ రేవు వెనక వీధిలో
రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, నేను.
నియమావళి బీరువా మీద ఉంటుంది
టీ మరక అంటిన అట్టతో.

మోరీన్ అందాం, అసలు పేరు చెప్పకూడదు,
తమ్ముడి గురించి చెబుతోంది.
పడవ తిరిగొచ్చింది, వాడి బూట్లొచ్చాయి...
సరిగ్గా "బూట్లు" అన్నప్పుడే
నా చూపు గోడ మీదికి పోయింది.
ఆమె చూసింది.
సగం మాటని మడిచి
హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నట్టు ఆగి
"అంతేలెండి" అంది.

ఆ రాత్రి నియమావళి మొత్తం తిరగేశాను.
గోప్యత ఉంది. కానుకలున్నాయి.
తాకడం గురించి పేజీన్నర.
రెప్పపాటు చూపుకి సెక్షన్ లేదు.
నా పనిని పర్యవేక్షించే ఫిలిప్పా ఫోన్లో నవ్వింది:
"నువ్వేం తప్పు చేయలేదు."
ఆ మాట వారమంతా
పంటి కింద రాయై తగులుతూనే ఉంది.

గడియారం దించేద్దామనుకున్నాను.
నేరం దాని మీదికి తోసినట్టవుతుందని
ఉండనిచ్చాను.

మంగళవారం ఆమె కోటు విప్పకుండానే కూర్చుంది.
"పోయినసారి మీరు బూట్ల గురించి చెబుతుంటే
నేను టైం చూశాను," అన్నాను.

బయట సీగల్ పిట్టల గోల.
చాలాసేపటికి
ఒక గుండీ తీసింది.