మీటరు మోగేలోపు

పొద్దున ఆరింటికి సముద్రం వెనక్కి తగ్గుతుంది.
బ్రిటనీ తీరంలో మా చిన్న అఖాతం
పచ్చగా బయటపడుతుంది.
చిగురు పచ్చ కాదు,
నీళ్ళలో మూడ్రోజులు మరిచిపోయిన పాలకూర పచ్చ.

నా జేబుకి నారింజ రంగు మీటరు తగిలిస్తారు.
అది కూత పెడితే ట్రాక్టరు వదిలేసి
గాలికి ఎదురు పరిగెత్తాలి.
ట్రైనింగు పావుగంట.
అందులో పది నిమిషాలు సంతకాలు.

ట్రాక్టరు మా అన్న రివాల్‌ది.
మార్చిలో ఇదే ట్రాక్టరు
ఎనిమిది వందల పందుల పెంటనీళ్ళు
మొక్కజొన్న చేలకి చల్లింది.
చేలో మిగిలింది వాగు దిగి, వాగు అఖాతంలో దిగి
నాచై మొలిస్తే
జూన్‌లో ఇదే ట్రాక్టరు ఎత్తిపోస్తోంది.
రెండు పనులకీ రెండు బిల్లులు.
డీజిల్ వాసన ఒక్కటే.

మా అమ్మ సొవాజిక్ పుట్టిన ఇంట్లో
మట్టి నేల, పొయ్యికి ఇవతల మనుషులు, అవతల ఆవు.
నలుగురు పిల్లలకి ఒకే జత చెక్కచెప్పులు.
వాన పడితే బడికెళ్ళేది ఒక్కరే.
"చేల మధ్య గట్లు చదును చేసిన రోజు
నేనూ చప్పట్లు కొట్టాన్రా" అంటుంది.
గట్లు పోయాయి. గట్ల మీది ఓక్ చెట్లు పోయాయి.
వానను ఒడిసిపట్టి మెల్లగా వదిలే వేళ్ళు పోయాయి.
కరెంటు వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది,
మూతపడబోయిన బడికి రెండో టీచరు వచ్చింది.
కబేళాలో మూడు షిఫ్టులు, మా ఆవిడది మధ్యది.
ఇందులో ఏదీ అబద్ధం కాదు.

వాగు నీళ్ళు పరీక్షకి పంపమని
నర్సు నోల్వెన్ ఊరి సభలో లేచి అడిగింది.
"తిన్నింటి వాసాలు లెక్కపెడుతోంది"
వెనక బెంచీలోంచి ఎవరో.
ఆ గొంతు నాది కాదు.
నాదయినా బావుండేది,
కనీసం నోరు విప్పినట్టయ్యేది.

పదింటికల్లా ఇసుక ఇసుకలా కనిపించాలి.
పారిస్ పిల్లలు బకెట్లతో దిగుతారు.
ఎత్తిన నాచు లారీలో ఎరువుల షెడ్డుకి వెళ్తుంది,
ఆకు బొమ్మ వేసిన సంచుల్లో తిరిగొస్తుంది.
నిరుడు అన్న ఇరవై సంచులు కొన్నాడు.
"చవగ్గా వచ్చింది" అన్నాడు, నా వైపు చూడకుండా.
అన్నని ఏమంటాను?
నాన్న పేరుతో మొదలైన అప్పు,
వయసులో అన్న కన్నా పెద్దది.

ఇవాళ ఎనిమిదీ పదికి మీటరు మోగింది.
దూకాను. గాలికి ఎదురు పరిగెత్తాను.
గట్టెక్కితే చాలనుకున్నాను.
ఎక్కడానికి గట్టు లేదు,
ఇసుక అంచుదాకా మొక్కజొన్నే.
ఆ చేలోనే వంగి, మోకాళ్ళు పట్టుకుని దగ్గాను.

ఇంజను ఆపడం మరిచిపోయాను.
అక్కడ, పచ్చటి కుప్పల మధ్య
మనిషి లేని ట్రాక్టరు
గుడగుడమంటూ
అన్న డీజిల్ తాగుతోంది.