నలభైకి కింద

సోహార్ రేవు వెనక, నీళ్ళ ట్యాంకర్ల కంపెనీల
రాత్రి డ్యూటీ నాది.
పని ఏందంటే, వినుడు.
తెర మీద యాభై రెండు బండ్లు, యాభై రెండు పచ్చ చుక్కలు.
ఏ చుక్క తొవ్వ తప్పినా, ఏ డ్రైవరు రెప్ప వాల్చినా
కంప్యూటరు కూస్తది.
దాని పక్కన రేడియో గరగర.
వీటన్నిటి వెనక, అదే డబ్బాల, రజిత.

ఇక్కడ మూడైతే మెట్‌పల్లిల నాలుగున్నర.
పరీక్షకు చదువుతది, పైకి చదువుతది,
తనకు నిద్ర రాకుండ, నాకూ రాకుండ.
నేల పొరలు, రుతుపవనాలు, పంచాయతీ చట్టం
అన్నీ నాకు నోటికొచ్చినయి,
రాయనీకి పరీక్షే లేదు.

చిక్కంతా ఒక్కటే మీట ఉండుట్ల.
కూత దించితే రజిత కూడ దిగేది.
రజితను లేపితే రేడియో గోడలు గీకేది.
గంపగుత్త బేరం.

టైర్ల స్టోరు లెక్కలు రాసే చిట్టగాంగ్ పిలగాడు మఫిజుల్ అన్నడు,
"ఒక్కొక్కదాని గొంతు విడిగ పట్టుకోవచ్చు భాయ్."
ఇరవై మూడు వరుసల స్క్రిప్టు రాసిచ్చిండు,
నేను ఇంకో నాలుగు కలిపిన.
ఫలానా పేరున్నదాన్ని వెతుకు,
దొరికితే దాని గొంతు ఐదు మెట్లు దించు,
మిగతావాటి జోలికి పోకు.
కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ ఏడు.
ఎంత మర్యాద!
ఈ కంపెనీల నేను మూడు నాలుగు ఒకటి ఏడు.
ఆ స్క్రిప్టు మాత్రం ఎవరినైనా పేరు పెట్టే వెతుకుతది.

ఇగ నేనే దొర.
ఎఫ్ ఏడుకు కూత సన్నగిల్లేది, ఎఫ్ ఎనిమిదికి రజిత దగ్గరికొచ్చేది.
క్యాంపుల పగటి నిద్రల కూడ వేళ్ళు ఆడేటివి
ఏసీ డబ్బాకొక మీట, యాదగిరి గురకకొక మీట,
కింది మంచం కొత్త పిలగాడు దుప్పట్ల ఏడ్చేదానికి
ఏ మీట పెట్టాల్నో తెల్వకపోయేది.

నొక్కుడు అలవాటైతే లెక్క ఉండదు.
ఒక శుక్రవారం, ఆమె భూగర్భ జలాలు చదువుతుంటే
కూత నాలుగుకు దిగింది.
నూటికి నాలుగు.
అది కూసిందట. రికార్డుల ఉంది:
మూడు పన్నెండు, నలభై ఆరో బండి,
కండ్లు మూసినయి, పదకొండు సెకన్లు.
మైకుల పేరు పెట్టి పిలువాల్సిన పదకొండు సెకన్లు.
నేను వింటున్నది, "రాతి పొరల నడుమ నిలిచిన నీరు..."

ఇబ్రీ తొవ్వల రాజలింగు బండి రోడ్డు దిగి ఇసుకల ఒరిగింది.
రేడియోల వచ్చిండు. నవ్వుతున్నడో వణుకుతున్నడో.
"అన్నా, పాణం మంచిగనే ఉంది. నీళ్ళే పోయినయి.
ఐదు వేల గ్యాలన్లు ఒక్క గుటకల తాగింది ఇసుక.
తడి కూడ కనవడ్తలేదు."

పొద్దున సాలిం బలూషి సారు వచ్చి రికార్డు చూసిండు.
కూత మోగింది, టైం ఉంది, సరే అన్నడు.
రాజలింగుకు ఆరు దినాల జీతం కోత.
ఎంత గట్టిగ మోగిందని ఎవరూ అడుగలే.
రికార్డుల ఆ గడి లేదు.

రజితకు చెప్పిన.
పుస్తకం మూసిన సప్పుడు.
శానా సేపటికి అన్నది,
"నా గొంతు దించు. నాకు నేను వినవడ్తె సాలు."

ఆ రాత్రి ఇరవై ఎనిమిదో వరుస రాసిన:
కూత నలభైకి కింద పోతే, మళ్ళ నలభై చెయ్యి.
నా వేళ్ళకు నేనే కావలి.
పాత చాయ్ బాకీ అని అబద్ధమాడి
రాజలింగు చేతిల మూడు దినాల జీతం పెట్టిన.
మిగతా మూడు దినాలు, అసలు మాట, ఇంక నా దగ్గర్నే ఉన్నయి.

నిన్న రాత్రి మళ్ళ నలభై ఆరు కూసింది.
కుర్చీల ఎగిరిపడి పేరు పెట్టి పిలిచిన.
"మెలకువనే ఉన్న అన్నా, కండ్లు నులుముకున్న గంతే.
నీ మిషన్ ఇక్కడిదాక ఇనవడ్తుంది, దాని గొంతు పాడుగాను!
జర దించరాదు?"

దించుదమని ఎఫ్ ఏడు నొక్కిన.
నొక్కిన, నొక్కిన.
నలభై కాడ ఆగింది.