సున్నా ఎందుకు కాదు

కాగితం మీద ఒక గీత గీసి ఇచ్చింది పిల్ల.
ఆ చివర సున్నా, ఈ చివర పది.
"మెట్లెక్కగలనన్న నమ్మకం ఎంతుంది, సాతిల్‌మిష్ మామా?
ఎక్కడో ఒక చోట చుక్క పెట్టు."

నేను జోంగుల్డాక్ బొగ్గుగనిలో
ఇరవై ఆరేళ్లు సముద్రం అడుక్కి వెళ్లొచ్చినవాణ్ణి.
పంజరంలాంటి లిఫ్టులో కళ్లు మూసుకుని
మధ్యాహ్నం తినబోయే ఉల్లిపాయ గురించి ఆలోచిస్తూ దిగేవాణ్ణి.
నా పేరుకి అమ్ముడుపోయినవాడని అర్థం.
ముందు పుట్టిన ఇద్దరూ పోయారని
అమ్మ నన్ను ఏ దర్గాకో అమ్మేసింది.
భయపడే పనంతా తనే చేసేసింది,
నాకు మిగల్చలేదు.

ఇప్పుడు ఇంటికీ రొట్టెల కొట్టుకీ మధ్య
నూటపన్నెండు మెట్లు.
ఈ ఊళ్లో వీధులు నిలబడే ఉంటాయి, పడుకోవు.
దిగడం సుఖమే.
వేడి రొట్టె చంకలో పెట్టుకుని తల పైకెత్తినప్పుడు తెలుస్తుంది
గని ఇప్పుడు ఎటువైపు ఉందో.

రెండు దగ్గర చుక్క పెట్టాను.
తిడుతుందనుకున్నాను.
"సున్నా ఎందుకు కాదు?" అంది.

దానికి జవాబు లేదు నా దగ్గర.
ఉన్నది వేరే సంగతి, అదే చెప్పాను.
పోయిన చలికాలం, నలభయ్యో మెట్టు.
ఛాతీలో పిల్లికూతలు లేచాయి.
గోడ పట్టుకున్నాను, గోడకీ ఆయాసంగా ఉన్నట్టు తోచింది.
ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఎవరో నీళ్లు.
ఎవరో నా రొట్టెని పసిబిడ్డలా ఎత్తుకున్నారు.
నా దగ్గర పని నేర్చుకున్న దుర్సున్ కొడుకు
"లేవకు మామా, లేవకు" అన్నాడు.
ఊపిరి పది నిమిషాల్లో తిరిగొచ్చింది.
ఆ కుర్చీ మాత్రం ఇంకా నా కిందే ఉంది.

నిలాయ్ పెన్ను మూసి మళ్లీ అడిగింది,
"మరి సున్నా పెట్టలేదే?"

మంగళవారం, అన్నాను చివరికి.
మంగళవారం కిటికీలోంచి మునెవ్వెర్‌ని చూశాను.
మోకాళ్లు అరిగిపోయాయి, చక్కెర జబ్బు, గుండెలో స్టెంటు.
చంకలో మడతపీట.
పదిహేను మెట్లెక్కుతుంది, పీట వేస్తుంది,
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంటుంది
ఆ వీధిని నిన్ననే కొన్నట్టు.
"ఏమైందమ్మా?" అని ఎవరో అడిగితే
"కూర్చున్నా. నీకేమైంది, నిలబడ్డావు?" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
సొరంగం తవ్వుతూ పోతామా,
మీటరు మీటరుకీ ఆగి కలప దన్ను పెట్టేవాళ్లం.
ఆగనివాణ్ణి మొనగాడనలేదు ఎవరూ.
వాడి పేరు గని గేటు దగ్గర పలక మీద ఉంటుంది.

బుధవారం దన్నులు పెట్టుకుంటూ ఎక్కాను.
పదకొండో మెట్టు, ఎవరి గుమ్మంలోనో నిద్రపోతున్న కుక్క.
ఇరవై నాలుగు, ఆరేసిన దుప్పటి, సబ్బు వాసన.
ఈ పిల్ల నేర్పినట్టే పెదాలు ముడిచి
వేడి టీ ఊదినట్టు ఊపిరి వదిలాను.
పిల్లికూతలు వచ్చాయి. రానీ.
అవి కూతలే,
పైకప్పు విరిగే చప్పుడు కాదు.
ఆ తేడా నాకు కాక ఎవరికి తెలియాలి,
ఇరవై ఆరేళ్లు చెవులతో బతికినవాణ్ణి!

నలభయ్యో మెట్టు మీద కూర్చున్నాను.
నా అంతట నేనే. ఉత్త రాతి మీద.
రొట్టె కొస తుంచి తిన్నాను.
అరవై దగ్గర మా ఆవిడ పైనుంచి కేకేసింది,
"చల్లారిపోయిందా?"
సగం తినేశానని అరవడానికి ఊపిరి చాల్లేదు,
చెయ్యి ఊపాను.
చివరి ముప్ఫై మెట్లూ దుర్సున్ కొడుకు భుజం పట్టుకునే ఎక్కాను.
అబద్ధమెందుకు.

"అయితే రెండేనా మామా?" అంది నిలాయ్,
గీత మీద వేలు నాలుగు వైపు జరుపుతూ.
కిటికీ అవతల సముద్రం మీంచి తడిగాలి లేస్తోంది,
నా ఛాతీకి పడనిది.

మూడు వెయ్యి, అన్నాను.
పెన్ను వద్దు.
పెన్సిలుతో.