పట్టుకునేవాడు

ఏకాంబరం పేరు ఇప్పటికీ ఎక్కడైనా ఉందంటే
బెల్లం మండీ కాటా చీటీల మీద ఉంది,
బరువుల కింద సన్నటి సంతకంగా.
నా పేరు అక్కడ కూడా లేదు.
నేను సీటు పట్టుకునేవాణ్ణి.

ట్రాక్ సైకిలుకి బ్రేకులుండవు.
తొక్కేది ఆపితే పెడలే కాలిని తిప్పుతుంది,
అప్పు మాదిరి.
పాదాలు తోలుపట్టీల్లో బిగించుకున్నాక
తుపాకీ పేలేదాకా ఎవరో ఒకరు
వెనకనించి నిలబెట్టి ఉంచాల.
పదకొండేళ్లు ఆ ఒకరు నేను.

తెల్లారుజామున గ్రీమ్స్‌పేట నుంచి మురకంబట్టు దాకా
చెరుకు బళ్లను దాటుకుంటా వాడు,
మా నాయన పాలసైకిలు మీద ఎగరొప్పుకుంటా నేను,
చేతిలో టార్చి, నోట్లో అంకెలు.
ఎనిమిదింటికి కాటా దగ్గరుండాల వాడు.
చొక్కా కింద చెమట ఆరకముందే ఈగలు ముసిరేవి,
వాటికి బెల్లమేదో వాడేదో తెలిసేది కాదు.

హైదరాబాదు పోటీలకి వెంకటాద్రిలో,
చక్రాలు ఊడదీసి దుప్పట్లో చుట్టి.
"పీనుగా ఏందబ్బోడా అది?"
పాకాలలో ఎక్కిన అవ్వ అడిగింది.
"కాదవ్వా, పెండ్లికొడుకు" అన్నాడు.

అక్కడ సిమెంటు మలుపు గోడ మాదిరి లేచుంటుంది.
మెల్లగా పోతే జారతావు.
కిలోమీటరంటే మూడు చుట్లు.
ఒక నిమిషం పదమూడు సెకన్లు,
వాడి బతుక్కంతా అదే మంచి టైము.
వచ్చినవి: గోడగడియారం ఒకటి,
స్టీలు బిందె ఒకటి (వాళ్లమ్మ చింతపండు పోసుకుంది),
కంచు పతకం, అది ఇంకొకడికి జ్వరమొచ్చిన ఏడాది.
డబ్బులా?
చార్జీలు కూడా మండీలో బదులు తీసుకున్నవే.

ఒకసారి ఎవరి చక్రమో తగిలి
కాలర్ ఎముక విరిగింది.
పుత్తూరులో ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్ద.
కట్టు కట్టే ఆయన గుడ్డ బిగిస్తా అడిగినాడు,
"ఎక్కడికి పోతా పడితివప్పా?"
ఏకాంబరం చానాసేపు ఆలోచించినాడు.
"ఎక్కడికీ పోలేదన్నా. చుట్టూ తిరగతా ఉంటి."

నిన్న పొద్దుగూకినాక కబురుపెట్టినాడు.
యాభై మూడేళ్లు. షుగరు.
బెల్లం నాలిక్కి తగిలి ఎనిమిదేళ్లయింది.
సైకిలు అటక మీంచి దించి, గాలి కొట్టి,
ఖాళీ మండీలో కాటా పక్కన నిలబెట్టి ఉన్నాడు.
పట్టీ ఒకటి తెగింది, గోనెపురికొస కట్టుకున్నాడు.
"గుణా, పట్టుకో."

ఊపిరి ఎక్కడ ఆపుతాడో నా చేతికి తెలుసు.
అక్కడే ఆపినాడు.
నేను వేళ్లు సడలించబోయినా.

"వొదలద్దురా" అన్నాడు,
"కొంచేపు ఇట్లే ఉండనీ."

గేటు దగ్గర లారీ ఏదో వెనక్కి వస్తా ఉంది.
ఎందుకో నేను లోపల్లోపల అంకెలు మొదలుపెట్టినా.
డెబ్బై మూడు దాటింది.
ఇద్దరమూ ఏమీ అనలేదు.