ఆరో అర

కాస్త్రో రేవులో లాంచీ దిగేసరికి వాన.
చిలోయేలో వానని ఎవరూ లెక్కచెయ్యరు.
కొట్టు అద్దం మీద ఎర్రరంగుతో రాసి ఉంది:
సోలార్ బ్యాటరీలు, నలభై శాతం తగ్గింపు.

ఎదెల్మీరా పిన్ని నల్లనివన్నీ నీళ్ళనుకునే మనిషి కాదు.
గొడుగు దులిపి గోడకి ఆనించి
"ఎందుకు తగ్గించావ్?" అంది ముందు.
గోదాం ఖాళీ చెయ్యాలన్నాడు ఓవిదియో,
కొత్త సరుకు వస్తోందన్నాడు,
ఆ తర్వాత ఏమీ అనలేదు.

నన్ను తెచ్చింది మొయ్యడానికి.
ఒక్కోటీ ముప్పై కిలోలు.
ఎత్తి చూడమంది, బరువు తగ్గితే సీసం తగ్గినట్టేనట.
అంచున పొడిచిన అంకెలు
కళ్ళజోడు తీసి, ముక్కుకి తగిలేలా వంగి చదివింది.
పుట్టి రెండేళ్ళు.
రెండేళ్ళూ ఈ చీకట్లోనే,
తిండి పెట్టేవాళ్ళు లేక.
"వాడకపోతే అరగదనుకుంటారు,
వాడకపోతేనే లోపల రాయి కడుతుంది."

మీటరు పన్నెండున్నర దాటింది.
ఓవిదియో మొహం వెలిగింది.
"పొద్దున ఛార్జరు తగిలించి ఉంటావులే" అంటూ
సంచిలోంచి పాత లారీ బల్బు తీసి తగిలించింది.
అది వెలుగుతున్నంతసేపూ ముగ్గురం
చలిమంట ముందు కూచున్నట్టు దాన్నే చూశాం.
అంకె మెల్లగా దిగుతోంది.

అప్పుడు మూతలు విప్పి
గాజుగొట్టంతో ఒక్కో అరలోంచీ ఆమ్లం పీల్చింది.
ఐదు అరల్లో బెండు తేలింది.
ఆరోదాంట్లో అడుక్కి పోయింది.
ఐదుగురు తెడ్డు వేస్తుంటే
ఒకడు నిద్రపోతున్న పడవ.

"ధరలో నలభై తగ్గించావు,
ఆయుష్షులో ఎంత తగ్గించావో అద్దం మీద రాయలేదే?"
అరవై తగ్గిస్తానన్నాడు.
ఊరికే ఇస్తానన్నా
చచ్చినదాన్ని సముద్రం దాటించనంది.

ఎనిమిదింట్లో రెండు నిలిచాయి.
వాటికి మాత్రం బేరం ఆడలేదు,
అదే నాకిప్పటికీ అర్థం కాలేదు.

లాంచీలో తన రెయిన్‌కోటు విప్పి వాటిమీద కప్పింది.
తను తడుస్తూ కూచుంది.
సాల్మన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక
నాకూ ఇది రెండో చలికాలం.
ఆ సంగతి ఆమె ఎత్తలేదు.
దీవి కనబడ్డాక మాత్రం
చూపు నీళ్ళమీదే ఉంచి అంది:
"రేపు పెందలాడే రా,
ప్యానెళ్ళు తుడవాలి."