వీపు మీది జిప్పు

మొదటిదానికి వీపు కుట్టింది నేనే.
పందొమ్మిదేళ్ళు నాకప్పుడు.
స్టూడియో వెనక రేకుల షెడ్డు,
రబ్బరు కాగుతుంటే మాడిన చేప వాసన,
జానెడు సూది, మైనం పట్టించిన దారం.
ముళ్ళ వరుస కింద జిప్పు కనబడకూడదని
మూడుసార్లు విప్పించి కుట్టించారు.

నగరాన్ని తొక్కే ఆ కొండ లోపల
కమెజో ఉండేవాడు.
పొట్టి మనిషి. అంతకుముందు
చేపల మార్కెట్లో ఐసు దిమ్మలు మోసినవాడు.
మూడు నిమిషాలు దాటితే లోపల ఊపిరి అందేది కాదు.
"కట్" అనగానే పరుగెత్తి నేనే జిప్పు లాగేదాన్ని,
ఆవిర్లు కక్కుతూ మళ్ళీ పుట్టేవాడు.
కాలి తొడుగు వంచితే గ్లాసుడు చెమట.

నలుపు తెలుపుల్లో అది నవ్వదు.
ఎవరి మీదా పగ కూడా లేదు దానికి,
వస్తుంది, అంతే, కవాసాకి వైపు నుంచి.
ఆకాశం నిప్పులు కురిసి పట్టుమని పదేళ్ళు కాలేదు,
హాల్లో ఒక్కరూ అరవలేదు.
మా అమ్మ సగంలో లేచి బయటికి పోయింది.
"సైరన్ మోత అచ్చం అలాగే ఉంది" అంది ఇంటికొచ్చాక.
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రంగుల్లో వచ్చినదానికి కళ్ళు పెద్దవి చేశారు.
బంతుల్లాంటి కళ్ళు, తిప్పడానికి వెనక బ్యాటరీ.
ఇది పిల్లల పక్షం.
ఇంకో రాక్షసుణ్ణి తోకతో బాది
గెలిచినందుకు గంతులేసింది.
పెళ్ళిలో తాగి చిందేసే మేనమామను చూసినట్టు
నేను తల దించుకున్నాను.
కమెజో మాత్రం మురిసిపోయాడు:
"ఈసారి పిల్లలు జడుసుకోరు, తోమీ."
అప్పటికే ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి.
ఆ గంతు ఎవరిదో.

తరవాత టోక్యోలో మేడలు పెరిగాయి.
పాత కొలతతో వస్తే
ముప్పయ్యో అంతస్తు గుమాస్తా కిందికి చూసి నవ్విపోతాడు.
అందుకని దాన్ని రెట్టింపు చేశారు.
ఎలాగంటారా?
లోపలి మనిషి అంతే,
మేడల్నే ఇంకాస్త చిన్నగా చెక్కారు.

సముద్రం అవతలివాళ్ళు తీసినదైతే
నాజూగ్గా, బల్లిలా, వానలో పరుగెత్తింది.
భూకంపం పరుగెత్తుతుందా?
కాకి పిల్ల కాకికి ముద్దనుకోండి,
నాకు నా బరువైనదే కావాలి,
అడుగు వేసే ముందు
ఆలోచించుకున్నట్టు ఆగేది.
(ఆలోచన కాదు. కమెజోకి తోక అడ్డం పడేది.)

నిన్న కొత్తదానికి మివా తీసుకెళ్ళింది.
మా చెల్లెలి మనవరాలు.
దాని ఎడమ భుజం తనే చేసిందట, కంప్యూటర్లో,
ఎనిమిది నెలలు, ఒక్క భుజం.
పొలుసు పొలుసుకీ మధ్య నాచు,
ఎప్పుడో గుచ్చుకుని తుప్పు పట్టిన లంగరు,
నీళ్ళు ఆ ఇనుము మీదుగా ఎర్రగా కారడం.
చూస్తూ చూస్తూ నా చేతిలో అట్ల ముక్క చల్లారిపోయింది.

అయినా అలవాటు చావదు కదా,
అది వీపు తిప్పే దాకా కాచుకున్నాను.
తిప్పింది.
జిప్పు లేదు.
ఎంత వెతికినా లేదు.
ఈ తొంభైకి దగ్గర పడ్డ వయసులో
మొదటిసారి దాన్ని చూసి నాకు భయమేసింది.
లోపల ఎవరూ లేరు.
ఎవరు ఆపమన్నా ఆగనక్కర్లేదు దానికి.

దీపాలు వెలిగాయి.
మివా కుడి మణికట్టుకున్న నల్ల పట్టీని
చర్రున లాగి విప్పింది.
కింద చర్మం కమిలి, చెమటకి ముడతలు పడి ఉంది.
"ఒక్క విడతకి ఎంతసేపు ఉంటావే లోపల?" అన్నాను.
లోపలేమిటని అడగలేదు అది.
"పధ్నాలుగు గంటలు. చివరి నెల పదహారు."

స్టేషన్లో మెషిన్లో నాణేలు వేసి
బార్లీ టీ సీసా కొన్నాను.
రైలు వచ్చింది, పోయింది.
సీసా అడుగంటే దాకా
ఎదురుగా నిలబడి తాగించాను.