ఏడో నంబరు ఇల్లు

చర్చి తలుపుకి మేకు కొట్టిన అట్టముక్క:
‘తాళంచెవి కావాలంటే ఏడో నంబరు ఇంట్లో అడగండి.’
ఏడో నంబరు ఇంటికి నంబరు లేదు.
ఆరుకి ఉంది, కప్పు కూలి లోపల అత్తిచెట్టు కాస్తోంది.
ఎనిమిదికి ఉంది, తలుపుకి సైకిల్ గొలుసు.
నడుమ ఉన్నది ఏడే అయ్యుంటుందని తట్టాను.

ఊరి పేరు పెన్యసోర్ద. చెవిటిబండ అని అర్థమట.
మధ్యాహ్నం మూడయింది, వీధి మొత్తం ఎండది.
గడ్డి కలిపి మెత్తిన మట్టిగోడలు పెచ్చులూడి
లోపలి పరకలు మెరుస్తున్నాయి,
ఏ ఏటి గోధుమో, ఎవరు కోసిందో.

తలుపు సగం తెరిచి
ముందు నా బూట్ల దుమ్ము చూసింది, తర్వాత నన్ను.
విసితాసియోన్. ఎనభయ్యారేళ్లు. వేళ్లకి వెల్లుల్లి వాసన.
‘రొట్టెల బండివాడివి కాదన్నమాట’ అంది
కాస్త చిన్నబుచ్చుకుని.
బండి వచ్చేది మంగళవారం, శుక్రవారం.
ఇవాళ గురువారమని ఆమెకీ తెలుసు.

తాళంచెవి ఇనుముది, జానెడు పైనే.
ఏప్రన్ జేబులో పట్టక పిడి బయటికి వేలాడుతోంది.
నేను మోస్తానంటే ఇవ్వలేదు.
దారి పొడుగునా అప్పజెప్తూ నడిచింది:
ఇది కమ్మరి ఎలెవుతేరియో కొలిమి,
అదిగో గుట్ట పొట్టలో వైన్ గుహలు,
గడ్డిలోంచి తలెత్తినవి వాటి ముక్కుపుటాలు,
ఇది బడి, నలభై ఇద్దరం, ఒకటే పొయ్యి,
చలికాలం ఎవరి కట్టె వాళ్లే తేవాలి,
తేలేనివాళ్లు కిటికీ పక్కన.
‘నాది కిటికీ పక్కే.’
అక్కడ ఆగింది కాసేపు,
ఊపిరి కోసమే అన్నట్టు.

గంట మోగి పదకొండేళ్లయిందట.
గోపురం మీద కొంగలు గూడు పెట్టి
టకటకా ముక్కులు కొట్టుకుంటున్నాయి.
ఊళ్లో మిగిలిన తొమ్మిదిమందికీ
అదే పొద్దు, అదే సాయంత్రం.

లోపల చలి, మైనం, ఎలకల కంపు.
కళ్లు అలవాటుపడే దాకా
ఆమె నా మోచెయ్యి పట్టుకునే ఉంది,
ఎవరు పడిపోతారని భయమో.
మూడో స్తంభం తల మీద ఒక రాతి రైతు
కాలు మీద కాలేసుకుని అరికాలి ముల్లు తీసుకుంటున్నాడు.
ఎనిమిది వందల ఏళ్లు. ముల్లింకా రాలేదు.
నేను పుస్తకంలో చదివిందేదో చెప్పబోయాను.
‘అదంతా కాదు, ముక్కు చూడు’ అంది,
‘అది మా ఊరి ముక్కు.’
పక్కకి తిరిగి నిలబడింది,
కిటికీ సందులోంచి వెలుగు పడేలా గడ్డం ఎత్తి.

అవును.
నడిమిలో అదే విరుపు, కొసన అదే వంపు.
శిల్పి ఎవరైనా గానీ
కూలికి వచ్చినవాడినెవడినో కూర్చోబెట్టి చెక్కాడు.

బయటికొచ్చాక, అప్పుడు ఇచ్చింది తాళంచెవి.
‘ఎడమ మోకాలితో తలుపుని నెట్టు. పైకెత్తు. ఇప్పుడు తిప్పు.’
తిరగలేదు.
‘చేత్తో కాదు, మోకాలితో.’
రెండోసారీ లేదు. ఆమెకి తొందరేం లేదు.
మూడోసారి లోపలెక్కడో ఎముక సర్దుకున్న చప్పుడు.

వచ్చిన ప్రతివాళ్లకీ నేర్పుతోందట:
బోర్దో నుంచి వచ్చిన పంతులమ్మకి,
సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లకి,
కరెంటు మీటరు చూసే అతనికి,
అతనికైతే రెండుసార్లు, మతిమరుపు మనిషి.
‘తాళం మార్చొచ్చు కదా?’ అన్నాను.
విననట్టే తాళంచెవి తుడిచి జేబులో దోపుకుంది.
చెవిటిబండ.

రాత్రి సోరియాలో హోటల్.
కార్డు అలా చూపిస్తే చాలు
పచ్చదీపం వెలిగి తెరుచుకునే తలుపు.
నా ఎడమ మోకాలు
అప్పటికే లేచి ఉంది.